గుడ్డ కవరు: టపా బల్ల దగ్గర ఇరవై ఆరేళ్లు

“ఎవరు చింపిండ్రు గీ కవరు?”

“చింపలే మేడం. ఆవిరి పట్టి ఇప్పిన. చూడుండ్రి, ఒక్క పోగు కూడా లేవలే.”

“ఇప్పుమని ఎవరన్నరు నిన్ను?”

“ఎవరనలే. బరువైతున్నది. లోపలి కవర్లు తీసేస్తే అన్నీ ఒక్క దాంట్లనే పట్టినయి.”

“సత్తెవ్వా, అది బంద్ చేసి ఇచ్చిన ఉత్తరం. హుజూరాబాద్ నుంచి ఒళ్లె పెట్టుకొని తెచ్చిన. నేనే ఇప్పలే.”

“కాయితం ఏడికి పోలే కద మేడం. గిదో, మడత గూడ చెడలే.”

“సంతకం ఏది? మూత మీది సంతకం ఏది?”

సంతకం కవరు మీదే ఉంది. కవరు నా సొరుగులో, మళ్లీ వాడుకోవడానికి దాచిన కవర్ల కట్టలో ఉంది.

ఈ జగడం కరీంనగర్‌లో, మా కాలేజీ ఆఫీసు గదిలో, ఒక సాయంత్రం నాలుగింటికి జరిగింది. అడిగింది వృక్షశాస్త్రం చెప్పే చంద్రకళ మేడం. జవాబు చెప్పింది నేను, టపా చూసే అటెండరును. ఆమె హంగేరీ దేశం పోయి పది నెలలు పరిశోధన చేయడానికి పెట్టుకున్న దరఖాస్తు ఢిల్లీకి పోవాలి. మర్నాడు పది గంటల టపాలో పడకపోతే గడువు దాటుతుంది. ఆమె గురించి పెద్దలు రాసిన ఉత్తరాలు మూసి ఉండాలి. రాసినవారి సంతకం సగం మూత మీద, సగం కవరు మీద పడాలి. లేకపోతే దరఖాస్తు పక్కన పెడతారు. ఈ నియమం కాగితం మీద అచ్చు వేసే ఉంది, ఇంగ్లీషులో. నేను చదివింది మూడో తరగతి, తెలుగులో.

కొత్తగా ఆఫీసుల్లో చేరే పిల్లలు నన్ను అడుగుతుంటారు. అటెండరు పనిలో ఏముంది అవ్వా, చాయ్ తెచ్చుడు, గంట కొడితే పోవుడు, అంతే కదా అని. ఏముందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నా జీతం ఎప్పుడు పెరిగింది, రిటైరైన రోజు ఎవరు దండ వేశారు, అవన్నీ రాయను. మా మనుమరాలు అక్షరాలు దిద్దింది. మాటలు నావి, తప్పులూ నావే.

ఆవిరి పట్టడం ఎట్లా వచ్చింది

మా పుట్టిల్లు సుల్తానాబాద్. మగ్గం ఇల్లు. పోగు తెగితే పారేసే అలవాటు మాకు లేదు. ముడి వేసి మళ్లీ నేస్తాం. నా పెనిమిటి ఈ కాలేజీలోనే అటెండరు. ఆయన పోయాక ఆ పని నాకిచ్చారు. అది అరవై తొమ్మిది, కాలేజీ తెరిచిన దినాలకంటే మూసిన దినాలే ఎక్కువైన ఏడాది. మొదట్లో నేను చేసిందల్లా ఖాళీ గదులు ఊడ్వడమే.

టపా పని నేర్పింది హెడ్ క్లర్కు ఖాజా సాబ్. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు ఇరవై ఆరూ పలక మీద రాయించారు. చదవడానికి కాదు, చిరునామాలు పోల్చుకోవడానికి. నా బల్ల మీద ఒక చిన్న ఇత్తడి త్రాసు, గమ్ము సీసా, ఎర్ర దారపు ఉండ, స్టాంపులు. వాడిన కవరును పారేయకూడదు. పాత చిరునామా మీద చీటీ అతికించి మళ్లీ పంపాలి. అది సర్కారు నియమం, ఎకానమీ చీటీ అనేవాళ్లు. అందరూ కవరు అంచు చింపి లోపలి కాగితం తీస్తారు. చింపిన కవరు సగం చచ్చినట్టే. నేను చాయ్ కెటిల్ మూతి దగ్గర కవరు మూతను పట్టి, గమ్ము మెత్తబడగానే గోరుతో లేపేదాన్ని. తనిఖీకి వచ్చినవాళ్లకు ఖాజా సాబ్ నా కవర్ల కట్ట తీసి చూపించేవారు. ఇంత సాపుగా విప్పే చెయ్యి జిల్లాలో లేదని చెప్పేవారు. ఆ పొగడ్తే నన్ను ముంచింది.

ఆయన నాకు చెప్పిన సూత్రం ఒక్కటే. టపా చేరాల్సిన చోటికి ముట్టించడం మన పని, లోపల ఏమున్నదో మనకు ఫికర్ వద్దు. నేను దానికి నా అర్థం నేను చెప్పుకున్నాను. నాకు ఇంగ్లీషు రాదు గనుక, విప్పినా విప్పనట్టే అనుకున్నాను.

సొరుగులో ఆగిన కాగితాలు

విదేశీ మార్పిడి గ్రాంటు అంటే ఏమిటో నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. మన దేశం పంతుళ్లను కొందరిని అక్కడికి పంపుతుంది, అక్కడివాళ్లు కొందరు ఇక్కడికి వస్తారు. ప్రయాణం, తిండి, ఉండడం అంతా గ్రాంటు చూసుకుంటుంది. చదువు నేర్చుకుని ఎవరి ఊరికి వాళ్లు తిరిగి రావాలి. వినడానికి ఇంతే. కానీ మా వంటి ఊరి కాలేజీ నుంచి ఆ కాగితం ఢిల్లీకి చేరాలంటే ఎన్ని చేతులు దాటాలో, ఏ చెయ్యి ఎక్కడ ఆగుతుందో, అది టపా బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకే కనిపిస్తుంది.

చంద్రకళ మేడం కంటే ముందు, లెక్కల లెక్చరరు ఒకాయన ఇట్లాంటి దానికే దరఖాస్తు పెట్టాడు. అప్పటి ప్రిన్సిపాల్ సంతకం పెట్టి పైకి పంపాలి. ఆయన దాన్ని సొరుగులో పెట్టాడు. ఆ సొరుగు రోజూ తుడిచేది నేనే. నేను కట్టిన ఎర్ర దారం ముడి అట్లాగే ఉంది. లెక్చరరు రోజూ నా బల్ల దగ్గరికి వచ్చి తన కాగితాలు పోయినాయా అని అడిగేవాడు. నా దగ్గరికి ఇంకా రాలేదు సార్ అనేదాన్ని. అది నిజమే. ఎక్కడున్నాయో మాత్రం చెప్పలేదు. పెద్దవాళ్ల సొరుగుల సంగతి నాకెందుకు అనుకున్నాను. ప్రిన్సిపాల్‌ది ఓర్వలేనితనమో, మరుపో, నేను చెప్పలేను. గడువు దాటిన తర్వాత వారానికి సంతకం పెట్టి నాకిచ్చాడు. నేను స్టాంపులు అతికించి పంపాను కూడా. ఆ లెక్చరరు తర్వాత తన సొంత ఉత్తరాలకు కూడా నా బల్ల దగ్గరికి రాలేదు. నేను అబద్ధమాడలేదు. ఆడకుండానే తప్పు చేశాను.

ఇంకోసారి అటు నుంచి ఒకామె వచ్చింది. తెల్లామె, మగ్గాల మీద పరిశోధన. నేను మగ్గం ఇంటి దాన్నని ఆమెను నేతవాళ్ల ఇండ్లకు తీసుకుపొమ్మని నాకు పని చెప్పారు. వాళ్ల దేశం వాళ్లకు అన్నీ ధైర్యమే అనుకునేదాన్ని. ఆమె మాత్రం తన గడువు పొడిగించిన ఉత్తరం వచ్చిందా అని పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి వచ్చి నా టపా సంచి వైపు చూసి పోయేది. ఆ చూపు మా లెక్కల లెక్చరరుదే. రంగు ఒక్కటే వేరు.

పచ్చజొన్న

చంద్రకళ మేడం సొంతూరు బోథ్. వాళ్ల బాపు చేనులో పచ్చజొన్న వేసేవాడు. కంకికి కాటుక తెగులు పడితే గింజ ఉండాల్సిన చోట నల్లటి పొడి మిగులుతుంది. పక్క చేన్లన్నీ నల్లబడిన ఏడు కూడా వాళ్ల పచ్చజొన్నలో కొన్ని కంకులు శుభ్రంగా ఉండేవట. ఎందుకు ఉండేవి అన్నదే ఆమె పరిశోధన. ఎనిమిదేళ్లు, సెలవు దొరికినప్పుడల్లా ఆదిలాబాద్ జిల్లా ఊళ్లు తిరిగి గింజలు తెచ్చేది. ఆ గింజలు పోసుకోవడానికి చిన్న కవర్లు నేనే ఇచ్చేదాన్ని, ఆవిరి పట్టి విప్పినవి. ఆమె గదిలో ఒక బీరువా నిండా నా కవర్లే. నా మీద ఆమెకు నమ్మకం అట్లా కుదిరింది.

హంగేరీలో ఒక ప్రయోగశాల ఉందని, అక్కడి యంత్రాల మీద ఈ గింజలను చూస్తే అసలు కారణం తేలుతుందని ఆమె చెప్పేది. మార్పిడి గ్రాంటు నోటీసు వచ్చినప్పుడు, లెక్కల లెక్చరరు సంగతి మనసులో ఉండి, నేనే దాన్ని ఖాజా సాబ్‌తో చదివించుకుని బోర్డుకు అంటించాను. అప్పటికే ఆలస్యమైంది. ఆమె నాలుగు ప్రతులు తానే టైపు కొట్టుకుంది. ఒక అక్షరం తప్పు పడితే కార్బన్లు తీసి మళ్లీ మొదటి నుంచి. ఇంట్లో మూడేళ్ల బిడ్డ ఉంది. నేను చూసుకుంటా, నువ్వు పో అని అత్తగారే ముందు అన్నదట.

ఇద్దరు పెద్దల ఉత్తరాలు కావాలి. ఒకటి ప్రిన్సిపాల్‌ది. ఈయన కొత్తాయన, సంతకం అడిగితే వెంటనే పెట్టేవాడు. రెండోది ఆమెకు చదువు చెప్పిన ప్రొఫెసర్‌ది. ఆయన రిటైరై హుజూరాబాద్‌లో ఉంటున్నాడు. పేరు శేషగిరి. మేడం స్వయంగా పోయి అడిగింది. ఆడపిల్లవు, బిడ్డ చిన్నది, అంత దూరం పోయి ఏం చేస్తవు అని ఆయన చాలాసేపు అన్నాడట. చివరికి రాసి, కవరు మూసి, మూత మీద సంతకం పెట్టి ఇచ్చాడు. ఈ సంగతి నాకు చెప్పి ఆమె నవ్వింది.

“సారు గట్లనే అంటడు సత్తెవ్వా. మనసు మంచిది.”

ఆయన ఇచ్చిన కవరు మామూలుది కాదు. లోపల గుడ్డ అతికించిన మందపు కవరు. అట్లాంటివి మా ఆఫీసుకు ఏడాదికి రెండు మూడు వచ్చేవి. నేను గుడ్డ నేసే ఇంటి దాన్ని కదా, చేత పట్టగానే తెలిసింది, మంచి నేత. మధ్యాహ్నం దరఖాస్తు మొత్తం త్రాసులో పెడితే బరువు ఎక్కువ తూగింది. ఆ గుడ్డ కవరు తీసేస్తే ఒక మెట్టు తక్కువ స్టాంపులకే పోతుంది, కవరూ మిగులుతుంది. కెటిల్ అప్పుడే మరుగుతున్నది. రెండు ఉత్తరాలూ విప్పాను. మూడు నిమిషాల పని.

సాయంత్రం మేడం చివరిసారి చూసుకుంటానని వచ్చి, పెద్ద కవరులోంచి కాగితాలు బయటికి తీసింది. మొదట రాసిన జగడం అక్కడిది.

ఆ సాయంత్రం

ఖాజా సాబ్ తన కుర్చీలోంచి లేచి వచ్చారు. ముందు మేడంను కూర్చోబెట్టారు. నన్ను కవర్లు తెమ్మన్నారు. నేను సొరుగు తీసి రెండూ బల్ల మీద పెట్టాను. గుడ్డ కవరు మూత మీది సంతకం ఆవిరికి అంచుల్లో కొంచెం పాకింది. అప్పటిదాకా నేను దాన్ని సంతకంగా చూడనే లేదు.

“జర సబర్ చెయ్యిండ్రి మేడం. మళ్ల అతికిద్దాం. సత్తెవ్వ చెయ్యి పెడితే ఎవనికి ఎరుకైతది?”

“ఎరుకైతే సాబ్? దొంగకవరు పెట్టింది అంటరు. నా పేరు మీద మచ్చ పడుతది.”

కానీ ఆమె గొంతులో బలం లేదు. ఖాజా సాబ్ గమ్ము సీసా మూత తీసి, ప్రొఫెసర్ ఉత్తరాన్ని మడత సరిచేసి కవరులో పెట్టబోయారు. మడత విడిపోయింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకునే ఉన్నారు. రెండో మూడో వరుసలు కళ్లబడ్డట్టున్నాయి. ఉత్తరాన్ని బోర్లా పెట్టి, అద్దాలు తీసి, గమ్ము సీసాకు మూత బిగించారు.

“వద్దు. అతికియ్యకు సత్తెవ్వా.”

“ఏం రాసిండు సాబ్?” అని మేడం అడిగింది.

“నేను సదువలే.”

పదిహేనేళ్లలో ఆయన అబద్ధమాడగా నేను విన్నది అదొక్కటే. మేడం కూడా కనిపెట్టింది. ఉత్తరం ఆమెకు జానెడు దూరంలో ఉంది. చెయ్యి ముందుకు చాపింది. వేళ్లు కాగితం దాకా పోయి వెనక్కి వచ్చాయి.

“నేను చూడ. చూస్తే నేను ఇప్పినట్టే.”

లేచి కిటికీ వైపు తిరిగి నిలబడింది. కొంచెంసేపటికి, తిరగకుండానే నాతో అన్నది.

“ఎనిమిదేండ్ల పని సత్తెవ్వా. నువ్వు ఒక స్టాంపు చూసినవ్.”

నేను అప్పటిదాకా లోపల లోపల నాకు నేను చెప్పుకుంటున్న సమర్థనలన్నీ అక్కడ ఆగిపోయాయి. నన్ను తిడితే ఎదురు చెప్పగలను. తిట్టలేదు.

ప్రిన్సిపాల్ తన ఉత్తరాన్ని కొత్త కవరులో పెట్టి మళ్లీ సంతకం చేశారు. నీ ఉద్యోగం పీకాలి అని నాతో అన్నారు, పీకలేదు. మిగిలింది హుజూరాబాద్ ఉత్తరం. ఆ ఇంట్లో టెలిఫోన్ లేదు. ఖాజా సాబ్ నన్ను పక్కకు పిలిచారు.

“పొద్దున మొదటి బస్సుకు పో. నేనే ఇప్పిన అని చెప్పు. మళ్ల బంద్ చేసి ఇయ్యమను. ఇంకో ముచ్చట చెప్పకు.”

“లోపల చెడ్డగ రాసిండా సాబ్?”

“నీ పని టపా. పో.”

ఆ జవాబుతో నాకు భయం ఇంకా పెరిగింది. ఉత్తరం లేకపోతే దరఖాస్తు లేదు. ఉంటే, ఆమెను ముంచేది అదే కావచ్చు, దాన్ని మూయించి తెచ్చే చెయ్యి నాది. బండి తప్పితే ఎట్లా, ఆయన ఊళ్లో లేకపోతే ఎట్లా, కోపంతో ఉత్తరమే ఇవ్వనంటే ఎట్లా. అన్నం కలుపుకుని అట్లాగే కూర్చున్నాను. మా ఇంట్లో అన్నం పారేసిన పూట అదొక్కటే.

కొత్తవాళ్లకు రెండు మాటలు

చంద్రకళ మేడం హంగేరీ వెళ్లింది. పది నెలలు ఉండి, చెప్పిన తేదీకి తిరిగి వచ్చి, ఆ సోమవారమే క్లాసు చెప్పింది. ఈ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను. ఎందుకంటే చివర మంచిదైతే తప్పు మాసిపోయిందని మీ వయసువాళ్లు అనుకుంటారు. మాసిపోలేదు. ఆమె నాతో మళ్లీ మాట్లాడింది, గింజలకు కవర్లూ అడిగింది. కానీ ఏ ముఖ్యమైన కాగితాన్నీ నా చేతికిచ్చి వెనక్కి తిరిగి పోలేదు. త్రాసు దగ్గర నిలబడి చూసేది. అది ఆమె తప్పు కాదు.

పొదుపు మంచిదే. నేను ఇప్పటికీ అగ్గిపుల్ల రెండోసారి వాడతాను. కానీ పొదుపు మనది అయితేనే మంచిది. ఇంకొకరి ఏళ్ల పని మీద మన పొదుపు చేయకూడదు. ఇంకోటి. కాగితం ఎక్కడ ఆగిందో తెలిస్తే, అడిగినవాళ్లకు చెప్పండి. మందలిస్తారు, మందలించనీయండి. అటెండరుకు అధికారం లేదంటారు. లెక్కల లెక్చరరు దగ్గర నేను నోరు మూసుకోవడం, మేడం దగ్గర కవరు విప్పడం, ఈ రెండూ అధికారం లేని మనిషి చేసిన పనులే. ఎంత పనైందో చూశారు కదా.

మర్నాడు పొద్దున

మొదటి బస్సు ఎక్కాను. మానకొండూరు దాటాక తెల్లవారింది. గుడ్డ కవరు, అందులో విప్పిన ఉత్తరం, రెండూ నా చీర కొంగులో ముడి వేసుకున్నాను.

శేషగిరి సారు వరండాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు, చెవులకు మఫ్లర్ చుట్టుకుని. నేను మెట్టు మీదే నిలబడి, కొంగు ముడి విప్పి, కవరు ఆయన చేతికిచ్చాను.

“సార్, కరీంనగర్ కాలేజీ అటెండర్‌ను. గీ కవరు నేను ఇప్పిన. ఇప్పేటప్పుడు మేడంకు ఎరుకలే.”

“ఎందుకు ఇప్పినవ్?”

“స్టాంపులు తక్కువ పడ్తయని. కవరు మంచిగున్నదని.”

ఆయన కవరును తిప్పి పాకిన సంతకం చూశాడు.

“చంద్రకళ చదివిందా?”

“లేదు సార్. ముందటనే ఉండె. చూస్తే నేను ఇప్పినట్టే అని కిటికీ దిక్కు తిరిగింది.”

“నువ్వు?”

“నాకు రాదు సార్.”

“ఇంకెవరన్న?”

ఇంకో ముచ్చట చెప్పవద్దన్నారు ఖాజా సాబ్. నేను మెట్టు వైపు చూస్తూ నిలబడ్డాను.

ఆయన ఉత్తరం బయటికి తీసి తన రాత తానే చదువుకున్నాడు. ఒక్క పేజీ, అదీ సగమే. దాన్ని నాలుగుగా చింపి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. లోపలికి పోయి అట్ట, కాగితాలు, కలం తెచ్చుకున్నాడు. రాశాడు, ఆపాడు, మళ్లీ రాశాడు. ఆయన భార్య నాకు చాయ్ ఇచ్చింది. గ్లాసు మెట్టు మీద పెట్టాను. ఏడున్నర బస్సు పోతుందేమోనని రోడ్డు వైపు చూస్తూనే ఉన్నాను. కాగితం రెండు వైపులా నిండింది. ఇంకో కాగితం తీసుకున్నాడు.

తెల్ల కవరులో పెట్టి, మూసి, మూత మీద సంతకం చేశాడు. కిందా మీదా, రెండుసార్లు. కవరు నా చేతికిచ్చాడు.

“బస్సు పోతది. పో.”

గుడ్డ కవరు మంచం మీద పడి ఉంది. అంచు చెడలేదు, ఇంకో నాలుగుసార్లు వాడుకోవచ్చు. నేను దాన్ని తీసుకోలేదు.

తొమ్మిది దాటాక కాలేజీ చేరాను. మేడం గేటు దగ్గరే ఉంది. తెల్ల కవరు చేతికిచ్చాను. ఆమె మూత మీది సంతకాలు చూసి, దాన్ని తానే పెద్ద కవరులో పెట్టింది. నేను పెద్ద కవరును త్రాసులో పెట్టాను. నిన్నటికంటే బరువు తూగింది. ఇంకో రెండు స్టాంపులు చింపి, నాలుకతో తడిపి అతికించాను. ఇద్దరం కలిసి పోస్టాఫీసుకు నడిచాం. పదికి పది నిమిషాలు ఉండగా గుమస్తా దాని మీద ముద్ర కొట్టాడు.